ఐదున్నర గంటలు

అమ్మ ఆ గుడ్డమూటను తెచ్చి నేరుగా నా లాప్‌టాప్ మీద పెట్టేసరికి నాకు ఒళ్లు మండింది. ఆదివారం పూట కూడా ఆఫీసు పనేమిటని ఆమె చిరాకు. ఆదివారం పూటైనా నన్ను నా మానాన వదలదని నా చిరాకు. ఇద్దరం పొద్దుటి నుంచి ముఖాలు ముడుచుకునే ఉన్నాం.

“గిది జర మీ మిషన్ల పెట్టి చూడు బిడ్డా” అంది.

మూట విప్పితే కత్తెర. బీడీలకు తునికాకు కోసే కత్తెర. మా అమ్మ దేవవ్వ కోరుట్లలో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. మూడేళ్ల క్రితం బాపు పోయాక ఆ పని మానేసి, హైదరాబాదులో నా దగ్గరికి వచ్చేసింది. కత్తెరను మాత్రం ఇలా మూటకట్టి బట్టల పెట్టె అడుగున దాచుకుందని నాకు ఆ రోజుదాకా తెలియదు.

“దీన్ల చూసేదేముందమ్మా?”

“మీ బాపు దీన్ని ఆఖరుసారి ఎప్పుడు వట్టుకున్నడో నాకు తెల్వాలె.”

అసలు అలా అడగడానికి ఆమెకు దారి చూపించింది నేనే. మా ల్యాబ్‌లో ఏం చేస్తున్నామో ఏడాదిగా ఇంట్లో గొప్పలు పోతున్నది నేనే కదా.

మనిషి చెయ్యి ఇనుమును పట్టుకుంటే చెమటలోని ఉప్పు కొంచెం కొంచెంగా లోహంలోకి ఇంకుతుంది. రోజులు గడిచేకొద్దీ లోతుకు దిగుతుంది. ఎవరి చెమట తీరు వారిదే. ఆ లోతును కొలిచే యంత్రాన్ని మా ల్యాబ్ మేడమ్ డాక్టర్ కెజియా గారు పదేళ్లు తంటాలు పడి తయారుచేశారు. తాళం కప్పను అందులో పెడితే, దాన్ని చివరిసారి ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో చెబుతుంది. చెబుతుందంటే, ఒక అంకె ఇస్తుంది. పది స్థానాల అంకె. చూస్తే ఫోన్ నంబరనుకుంటారు.

ఆ అంకెను మనుషులు చదువుకునే తేదీగా, వారంగా, మాటల్లోకి మార్చే ప్రోగ్రామ్ రాయడం నా ఉద్యోగం. యంత్రాలకు నెలలూ వారాలూ తెలియవు. 1970 జనవరి ఒకటిన, ఇంగ్లండులో అర్ధరాత్రి గంట కొట్టినప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో అదే వాటికి కాలం. అక్కడ అర్ధరాత్రి అంటే మనకు తెల్లవారి ఐదున్నర. అందుకని మన దేశంలో ఈ పని చేసే ప్రతివాళ్లకీ ఒక అలవాటు పట్టుకుంటుంది. అంకె కనబడితే చాలు, ఐదున్నర గంటలు కలిపేస్తాం. అన్నానికి కూర్చుంటే చెయ్యి కడుక్కున్నట్టు, ఆలోచించకుండా కలిపేస్తాం.

“ఎందుకమ్మా ఇప్పుడియన్ని?” అన్నాను.

అమ్మ కత్తెర వైపే చూస్తూ, “నా మీద కోపంతోనే పోయిండా, ఏందనీ...” అని ఆగిపోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. బాపు, అంటే దూస రాజలింగం, బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఆయన నోట్లోంచి మాట రావడమే అరుదు. అమ్మతో గొడవపడితే ఇక మూడేసి రోజులు మౌనం. తప్పు నాదే అని వాళ్లిద్దరిలో ఎవరూ ఎవరితోనూ అనగా నేను వినలేదు. అమ్మకు తప్పనిపిస్తే ఆయన యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టేది. మామూలుగా అది ఆయన చేసుకునే పని. ఆయనకు తప్పనిపిస్తే వెళ్లి అమ్మ బీడీల చాట ముందు కూర్చుని కత్తెర తీసుకుని ఆకు కోసేవాడు. ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు. అమ్మ వాటినే మాట్లాడకుండా తీసుకుని చుట్టేది. ఒకరి పనిని ఒకరు ముట్టుకుంటే మా ఇంట్లో రాజీ అయిపోయినట్టే.

2032 మార్చి పద్దెనిమిది, గురువారం. పొద్దున కొంత ఆకు కోసి చాటలో పెట్టి, పది గంటలకు అమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. పన్నెండుకు తిరిగొచ్చింది. రావడం రావడమే గొడవ. దేని గురించో నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. చేతికందిన చీరలు సంచీలో కుక్కుకుని, రాయికల్‌లో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి బస్సెక్కేసింది. సాయంత్రం ఆరింటికి బాపు వాకిట్లో గుండె పట్టుకుని పడిపోయాడు. పక్కింటివాళ్లు ఆటోలో వేసుకున్నారు గానీ ఆస్పత్రి చేరేలోపే అయిపోయింది.

తిరిగొచ్చిన అమ్మకు వెనక వసారాలో చాట నిండా కోసిన ఆకులు కనబడ్డాయి. పైన గుడ్డ కప్పి ఉంది. ఆకులు ఎండి ముడుచుకుపోయి, ఎవరు కోసినవో తెలియకుండా ఉన్నాయి. పొద్దున తాను అన్ని కోసిందా? ఆమెకు గుర్తులేదు. కోసి ఉండొచ్చు. లేదా మధ్యాహ్నం ఆమె వెళ్లిపోయాక ఆయన వచ్చి కూర్చున్నాడేమో. ఆ రెంటి మధ్యే మూడేళ్లుగా కొట్టుమిట్టాడుతోంది మా అమ్మ, నాతో ఒక్క ముక్క చెప్పకుండా.

కెజియా గారిది ఒంగోలు. మనిషి కాస్త కటువు. ఇంటి సామాన్లు ల్యాబ్‌కు తెస్తే ఊరుకోరు. భయపడుతూనే విషయం చెప్పాను.

“ముందే చెప్పబళ్లా? ఇట్టా తే” అని కత్తెర అందుకున్నారు. “ఆయన వాడిన వస్తువు ఇంకోటేదన్నా ఉందా?”

బాపు కళ్లద్దాలు ఇచ్చాను. వాటి ఫ్రేము మీది చెమటను ఆధారం చేసుకుని, కత్తెర మీద అమ్మ చెమటను, నా చెమటను వేరుచేసి ఆయనది మాత్రం చదవాలి. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటల్లో నేనొక పని చేశాను. అంతవరకూ మేం చూసినవన్నీ పాత తాళాలూ, నాణేలూ, గునపాలూ. వాటికి తేదీ తెలిస్తే చాలు, గంట ఎవడిక్కావాలి? అమ్మకు మాత్రం గంటే కావాలి. నా ప్రోగ్రామ్‌లో గంటా నిమిషం కూడా మాటల్లో వచ్చేలా ఓ పది లైన్లు రాసి చేర్చాను. అలవాటుగా ఐదున్నర గంటలూ కలిపాను.

తెర మీద అంకె పడింది. 1963222320. దాని కింద నా ప్రోగ్రామ్ రాసిన మాటలు. “గురువారం, మార్చి 18, 2032. సాయంత్రం 5 గంటల 2 నిమిషాలు.”

ఆఖరి పట్టు అది. దానికి ఇరవై ఆరు నిమిషాల ముందు నుంచి రెండువందల సార్లకు పైగా వేళ్లు బిగుసుకున్నాయని కూడా యంత్రం చెప్పింది. కత్తెరతో గోళ్లు తీసుకునేవాడైతే రెండువందల సార్లు నొక్కడు. ఆకు కోశాడు. ఆమె వెళ్లిపోయాక, ఒంటరిగా కూర్చుని, వంకరటింకరగా ఆకు కోశాడు మా బాపు. కెజియా గారి ముందే ఏడ్చేశాను.

ఇంటికి వెళ్లేదాకా ఆగలేక ఫోన్ చేశాను.

“ఐదు గొట్టంగనా?” అంది అమ్మ. “ఐదు గొట్టంగ కోసిండా? ఖాయంగనా బిడ్డా?”

“ఖాయంగనే అమ్మా.”

అవతల ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత, “బియ్యప్పిండి ఉన్నదా ఇంట్ల? సర్వపిండి జేస్త, జల్ది రా” అంది. మూడేళ్లలో ఆమె నోరు తెరిచి వంట గురించి అడగడం అదే మొదలు.

పదిహేను రోజులు మా ఇల్లు ఇల్లులా ఉంది. మా పెద్దమ్మతో అమ్మ మూడేళ్లుగా మాట్లాడలేదు. ఆ రోజు తాను ఆమె ఇంట్లో ఉండబట్టే ఇదంతా అయిందని లోలోపల ఎక్కడో కక్ష. ఇప్పుడు తనే ఫోన్ చేసి, “అక్కా, ఐదు గొట్టంగ కోసిండటనే!” అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడింది. కింది అంతస్తులో ఉండే కన్నడం ఆవిడకు కూడా చెప్పింది. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు కన్నడం రాదు, అయినా ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. నాకైతే నా ఉద్యోగం మీద మొదటిసారి గర్వం కలిగింది.

పదహారో రోజు పొద్దున పది గంటలకు కెజియా గారు నన్ను కేకేశారు.

“ఏందమ్మా ఇది? ఈ తాళంచెవి నేను ఇందాక తొమ్మిదీ పదికి పట్టుకున్నా. నువ్వు రాసిన గంటల లెక్క సరిగ్గా ఉందో లేదో చూద్దామని మిషన్లో పెట్టా. ఏం చెప్తుందో చూడు.”

తెర మీద ఉంది. మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలు. అప్పటికింకా పది. ఆమె తాళంచెవిని ఇంకా రాని మధ్యాహ్నం పట్టుకున్నారట.

తేడా ఎంతో లెక్క కట్టనక్కర్లేదు. ఐదున్నర గంటలు. కెజియా గారు యంత్రం కట్టినప్పుడే, మన దేశపు సమయం రావాలని, దాని లోపలే ఐదున్నర కలిపిపెట్టారు. ఆ సంగతి నాకు చెప్పడం ఆమెకు తట్టలేదు. అడగడం నాకు తట్టలేదు. ఆమె జాగ్రత్తపరురాలు, నేనూ జాగ్రత్తపరురాలినే. ఇద్దరం చెరోసారి కలిపాం.

కుర్చీలో కూర్చున్నాను. 5 గంటల 2 నిమిషాల్లోంచి ఐదున్నర తీసేస్తే ఉదయం పదకొండూ ముప్పై రెండు. గొడవ జరిగింది పన్నెండుకు. అంటే గొడవ తర్వాత బాపు ఆ కత్తెర ముట్టుకోలేదు. రాజీ లేదు, ఏమీ లేదు. మా అమ్మ పదిహేను రోజులుగా నా తప్పు లెక్కను గుండెకు హత్తుకుని తిరుగుతోంది.

కెజియా గారికి నా ముఖం చూసి విషయం అర్థమైపోయింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆమె గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు తెలియదు.

“ప్రోగ్రామ్ సరిచేసెయ్ తల్లీ. అది చెయ్యక తప్పదు. అమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది... అది నేను చెప్పేది కాదు. నాకు తెలీదు కూడా.”

ప్రోగ్రామ్ సరిచేయడానికి ఒక్క లైను కొట్టేస్తే సరిపోయింది. అమ్మకు చెప్పకూడదని ఆ లైను కొట్టేస్తున్నప్పుడే తేల్చుకున్నాను. ఆమెకు అంకె ఎందుకు? ఆమె విన్నది మాటలు. ఆ మాటలు నేను రాసినవే. ఊరందరికీ సరైన సమయం ఇస్తాను, ఒక్క మా అమ్మకు సాయంత్రం ఐదు ఉంచేస్తాను. ఎవరి సొమ్మేం పోయింది? ఆమె తింటోంది, నిద్రపోతోంది, నవ్వుతోంది. నాకు అంతకన్నా ఏం కావాలి? ఇలా నాకు నేను సర్దిచెప్పుకుని, ఇంటికెళ్లి సర్వపిండి తిన్నాను.

వారం తిరిగేసరికి అమ్మలో ఏదో మారింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి లైటు వెయ్యకుండా బాల్కనీలో నిలబడి ఉండేది. పలకరిస్తే ఉలిక్కిపడేది. తినడం మళ్లీ తగ్గింది. ఏమైందమ్మా అంటే ఏం లేదంటుంది. చివరికి ఒకరోజు పళ్లెం ముందు కూర్చుని తనే బయటపడింది.

“ఐదింటిదాక కోసిండంటే, ఆరింటికి పడిపోయిండంటే... మధ్యల గా గంటసేపు ఏం జేసిండే?”

నేను ఆమె గ్లాసులో నీళ్లు పోశాను.

“నా కోసం చూసినట్టే గదా. నాలుగింటి బస్సుకన్న వస్తదేమో అనుకున్నడు. రాకపాయె. నొప్పి అప్పటికే షురువైందేమో. ఒక్కడే కూసొని, నొప్పి ఓర్చుకుంట, ఆకు కోసుకుంట... నేనేమో గాడ అక్కోల్లింట్ల చాయ్ తాక్కుంట ముచ్చట్లు వెట్టిన. నాలుగింటి బస్సుకు రావాలని నాకూ అనిపించింది బిడ్డా. మొండికేసి కూసున్న.”

రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆమె బాల్కనీలో నిలబడేది ఆ గంటను బాపుతో గడపడానికట. కాళ్లు వాచిపోయాయి. నేను ఉంచిన అబద్ధపు సాయంత్రంలో మా అమ్మ రోజూ ఆయన్ను నొప్పితో ఎదురుచూసేలా కూర్చోబెడుతోంది. అలాంటి సాయంత్రం అసలు లేనే లేదు. ఆయన ఎవరి కోసమూ కత్తెర పట్టుకుని ఎదురుచూడలేదు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి నాలుగున్నరకే ఇల్లు చేరాను. హాల్లో బాపు ఫోటో ముందు అమ్మ దీపం వెలిగిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెబితే ఆమెకున్న ఆ ఒక్క రాజీ కూడా పోతుంది. చెప్పకపోతే ఆ గంట ఆమెను తినేస్తుంది. చెప్పులు కూడా విడవకుండా నిలబడి, “అమ్మా, నేను తప్పు జేసిన” అన్నాను.

“ఏం జేసినవ్?”

“బాపు ఐదింటికి కొయ్యలే.”

అమ్మ అగ్గిపెట్టె కింద పెట్టింది. నేను ఆమెను సోఫాలో కూర్చోబెట్టి, నేను కింద కూర్చున్నాను. ఇంగ్లండు టైముకూ మన టైముకూ ఐదున్నర గంటల తేడా ఉంటుందని, మేడమ్ ముందే ఒకసారి కలిపిందని, తెలియక నేను మళ్లీ కలిపానని చెప్పాను. తప్పు తెలిసి కూడా వారానికి పైగా దాచానని చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను.

“అంటే ఒక్క కూరల ఇద్దరు ఉప్పేసిన్రన్నట్టు” అంది అమ్మ.

“అవునమ్మా.”

“మరి ఎన్నింటికి వట్టుకున్నడు?”

“పొద్దుగాల. పదకొండు దాటినంక షురు జేసిండు. పదకొండున్నర దాక కోసిండు.” ఆమె ముఖంలోకి చూడలేక నేల వైపు చూస్తూ చెప్పాను. “మీ లొల్లి కాకముందే అమ్మా. తర్వాత ముట్టుకోలే.”

కేకలు వేస్తుందేమో, కుప్పకూలిపోతుందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే అమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది.

“పది గొట్టంగ నేను కార్ఖానకు వోయిన” అంది మెల్లగా. “పన్నెండుకు అచ్చిన. అచ్చేసరికే కోసి వెట్టిండా? కోసి, గుడ్డ కప్పి వెట్టిండా?”

“అవును.”

“అప్పటికింక మాకు లొల్లే లేదు గదనే.”

“లేదమ్మా.”

అమ్మ నా భుజం పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. “ఆ రోజు నేనేమన్ననో నీకు చెప్పలే బిడ్డా. సిగ్గయింది. కార్ఖానల నా బీడీలు సగం బాగలేవని పక్కకు గుంజిన్రు. నలుగుట్ల నా ఇజ్జత్ వోయినట్టయింది. ఆ కోపం తీస్కొని ఇంటికచ్చిన. మీ బాపు రేడియో వెట్టుకొని కూసున్నడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ముప్పై ఏండ్ల కాపురంల ఎన్నడన్న ఊకెనే నా చాట ముట్టినవా, తప్పు జేసిననాడు తప్ప నా కష్టం నీ కండ్లకు గానరాదు, అన్న. ఇంక శాన అన్న.”

“బాపు ఏమన్నడు?”

“ఏమంటడు! రేడియో బందువెట్టి నా మొకం దిక్కు చూసిండు. గంతే. ఆ చూపే కోపం అనుకున్న. మూడేండ్లు గదే కండ్లల్ల ఆడింది.”

వెనక వసారాలో రెండువందల సార్లు కత్తెర ఆడించి ఆకులు కోసి, గుడ్డ కప్పి పెట్టి, వచ్చి రేడియో దగ్గర కూర్చున్నాడాయన. ఏ తప్పూ చెయ్యని రోజున, ఎవరూ అడగకుండా. ఆమె వచ్చి చూసుకుంటుందని అనుకుని ఉంటాడు. ఆమె వసారాలోకి వెళ్లనే లేదు.

అమ్మ లేచింది. ఫోటో ముందుకు వెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. బాపు పోయిన దగ్గర్నుంచి ఆమె ఆ ఫోటోకు దండం పెట్టడమే చూశాను. పరుషంగా ఒక్క మాట అనగా వినలేదు.

“నోరు లేదా నీకు?” అంది.

నేను అదిరిపడ్డాను.

“నిన్నే అడిగేది. నోరు లేదా? పొద్దంత బస్టాండుల మైకు వట్టుకొని జగిత్యాల బస్సచ్చె, నిర్మల్ బస్సు వాయె అని ఊరందరికి జెప్పినవ్. ‘ఆకు కోసి వెట్టిన, పోయి చూస్కోయే’ అని నాకొక్క మాట జెప్తే నోటి ముత్యాలు రాలుతయా? నేను గన్ని మాటలంటుంటే మొద్దు తీర్గ కూసున్నవ్. నేను బస్సెక్కవోతుంటే ఏం జూస్కుంట కూసున్నవ్? అట్లనే పోతవా మనిషివి? చెప్పకుంట పోతవా?”

గొంతు పగిలిపోతోంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. కోరుట్లలో గోడ అవతలి వాళ్లకు కూడా వినబడేలా బాపును తిట్టే ఆ పాత గొంతు అది. నేను మర్చిపోయిన గొంతు. కిందింటి కన్నడం ఆవిడ కంగారుగా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫర్వాలేదని ఆమెకు చేత్తో సైగ చేసి, అమ్మ భుజం మీద చెయ్యి వేశాను.

“అమ్మా, ఇగ ఊకోయే. పాణం బాగుండది.”

అమ్మ నా చెయ్యి తీసేసింది. కోపంగా కాదు. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోటో ఎదురుగా నేల మీద చతికిలబడి, తీరిగ్గా కాళ్లు చాపుకుంది.

“నువ్వు లోపటికి పో బిడ్డా” అంది. “మేమిద్దరం మాట్లాడుకుంటున్నం.”